జాబితాలో పేరు వెదకినవారు



చెరనుండి తిరిగివచ్చిన కొందరు యాజకులు వంశావళి జాబితాలో తమ పేళ్లు వెదకిరి. అవి కనబడలేదు, వారికి యాజకత్వము పోయెను. ఈ సంగతి ఎజ్రా రెండవ అధ్యాయములో నున్నది. మన తడ ప్రాంతమున తాతముత్తాతల సంగతి వెదకువారికిని ఇట్టి చిక్కే కలుగుచున్నది.

ముందుగా జిల్లా తెలియవలెను. తడ బహుకాలము నెల్లూరు జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో చేరెను. పొరుగుననున్న సత్యవేడు చెంగల్పట్టు జిల్లాలోనిది. 1960 ఏప్రిల్ 1న చిత్తూరునకు వచ్చి, ఇప్పుడు అదియు తిరుపతిలోనే యున్నది. కాబట్టి సత్యవేడు 1951 లెక్క చెంగల్పట్టు పుస్తకములోను, 1961 లెక్క చిత్తూరు పుస్తకములోను చూడవలెను. ఆ సరిహద్దు మార్చినప్పుడు, ఒక్కొక్క గ్రామములో ఏ భాషవారు ఎక్కువో చూచిరి. మన పెద్దలు లెక్క వ్రాయువానితో "తెలుగు" అని చెప్పిన ఒక్క మాటకు ఎంత బలమున్నదో చూడుడి!

మద్రాసు రాజధాని నాటి ప్రభుత్వ కాగితములు అనేకము చెన్నపట్టణపు ఎగ్మూరులో, పూర్వము రికార్డు ఆఫీసు అనబడిన తమిళనాడు పత్రాలయములో నున్నవి. 1871 మొదలు అచ్చయిన జనాభా పుస్తకములు చాలావరకు ఇంటర్నెట్టులో ఉచితముగానే దొరకును. 1871, 1881 లెక్కలు పక్కపక్కన పెట్టి చూచిన యెడల 1876-78 నాటి గొప్ప కరవు తెలియును. నెల్లూరు జిల్లా జనసంఖ్య పెరుగుటకు బదులు తగ్గెను.

అయితే ఆ పుస్తకములలో అంకెలే గాని పేళ్లుండవు. ఇంటివారు చెప్పిన జవాబులను 1948 నాటి చట్టము రహస్యముగా ఉంచుచున్నది. భూమి రికార్డులలో పట్టాదారుల పేళ్లుండును. సెంటు భూమి లేని కూలివాని పేరు అక్కడ ఎందుకుండును? అట్టివాని పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీతో సహా వ్రాసిపెట్టినది తరచుగా బాప్తిస్మపు రిజిస్టరు ఒక్కటే. 1865 మొదలుకొని సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతములలో హెర్మన్స్‌బర్గు లూథరను మిషనువారు పనిచేసిరి గనుక, మన కుటుంబములలో కొన్నిటికి అదియే మొదటి వ్రాత.

నేను చూచిన ఒక రిజిస్టరు బీరువాలో లేదు. పాత గంట క్రింద, గోనెసంచిలో నుండెను. సగము చెదలు తినివేసెను. మిగిలిన పుటలను ఇద్దరు పిల్లలు నోటుపుస్తకములోనికి ఎక్కించుచుండగా, అక్షరములు పోయినచోట ఒక అవ్వ ప్రక్కన కూర్చుండి పేళ్లు చెప్పుచుండెను. మూడవ నాటికి నలువది పేళ్లు దొరికెను.