తట్టటమా, బాదటమా?

అమెరికా వాళ్ళ బేస్‌బాల్ మన క్రికెట్‌కి వేలువిడిచిన చుట్టం. బంతి విసిరేవాడొకడు, కర్ర పట్టుకుని కాచుకునేవాడొకడు. కొట్టి, నాలుగు మూలల్లో ఉన్న మజిలీలన్నీ చుట్టొస్తే ఒక పరుగు. బంతి ఏకంగా కంచె దాటిందా, తీరిగ్గా చుట్టి రావచ్చు; అదే హోమ్ రన్. మూడుసార్లు గురి తప్పితే మాత్రం కర్ర చంకన పెట్టుకుని వెనక్కి వెళ్ళాల్సిందే.

ఇంతే ఆట. అయినా ఆ కర్రతో ఏం చెయ్యాలన్న దాని మీద నూరేళ్ళు దాటినా తగువు తెగలేదు!

1890లలో బాల్టిమోర్ జట్టులో విల్లీ కీలర్ అని ఓ పొట్టివాడుండేవాడు. అయిదడుగుల నాలుగంగుళాల మనిషి. కండబలం చూపించబోతే నవ్వులపాలే. అందుకని మనుషులు లేని చోటు చూసి బంతిని అలా తట్టేవాడు. ఆ జట్టుకి ఇంకో చిట్కా ఉండేది. బంతిని ఎదుట నేలకేసి కొట్టటం, అది ఎగిరి కిందికి వచ్చేలోపల మొదటి మజిలీకి పరిగెత్తటం. అందుకోసం ఆ చోట మట్టిని దిమ్మిసా కొట్టి గట్టిపరిచేవారట. దొంగబుద్ధే, కాదనను!

ఆ రోజుల్లో హోమ్ రన్ అంటే పండక్కి చేసుకునే పిండివంట. 'హోమ్ రన్ బేకర్' అని పేరు పడ్డ మహానుభావుడే ఏ ఏడాదీ పన్నెండుకి మించి కొట్టలేదు. ఒకే బంతితో ఆడీ ఆడీ, అది మెత్తబడి, మట్టీ పొగాకు ఉమ్మీ పట్టి మసిగుడ్డలా అయ్యేది. 1920 ఆగస్టులో బంతి తలకి తగిలి రే చాప్‌మన్ అనే ఆటగాడు మర్నాడు చనిపోయాడు. అతను బంతిని చూడనే లేదన్నారు. ఆ తరవాత మాసిన బంతుల్ని ఎప్పటికప్పుడు మార్చటం మొదలెట్టారు. ఒకరి ప్రాణం పోయాక గాని ఇలాంటివి తోచవు కాబోలు మగవాళ్ళకి.

అప్పటికే బేబ్ రూత్ బయల్దేరాడు. 1919లో 29 హోమ్ రన్‌లు, 1920లో 54! అతని సొంత జట్టుని పక్కన పెడితే, ఆ ఏడు అంతకంటె ఎక్కువ కొట్టిన జట్టు ఒక్కటే. తట్టే విద్యలో ఆరితేరిన టై కాబ్‌కి ఇది గిట్టలేదు. 1925 మే నెలలో, 38 ఏళ్ళ వయసులో, రెండు రోజుల్లో అయిదు హోమ్ రన్‌లు కొట్టి చూపించి మళ్ళీ తన పద్ధతికి తను వెళ్ళిపోయాడు. జనం మాత్రం రూత్ వెంటే.

మగవాళ్ళు బాదుడులో పడ్డాక పరుగు విద్యని నిలబెట్టింది ఆడవాళ్ళేనంటాను. 1943 నుంచి 1954 దాకా అక్కడ ఆడవాళ్ళకో లీగు నడిచింది. పొట్టిగౌన్లతో ఆడాలని నిబంధన! సోఫీ కురిస్ అనే అమ్మాయి 1946లో ఆ గౌనుతోనే మట్టిలో జారుతూ 201 మజిలీలు 'దొంగిలించింది.' అంటే బంతి విసిరేవాళ్ళ కన్నుగప్పి ముందు మజిలీకి ఉరకటం. మగవాళ్ళలో ఆధునిక కాలపు రికార్డు 130. 1982లో రికీ హెండర్సన్‌ది. ఆడవాళ్ళ మజిలీల మధ్య దూరం కాస్త తక్కువేలెండి. కాని గీరుకుపోయిన తొడల మాటో?

2015 నుంచి ప్రతి దెబ్బనీ కంప్యూటర్లు కొలుస్తున్నాయి. సుమారు 25, 30 డిగ్రీల వాలున పైకి లేపితే బంతి కంచె దాటుతుందని లెక్క తేలింది. అందరూ పైకే లేపసాగారు. ఫలితం? 2018లో మొదటిసారిగా హిట్‌ల కంటె గురితప్పి వెనుదిరిగిన వాళ్ళే ఎక్కువయ్యారు. ఫీల్డర్లేమో అందరూ ఒక పక్కకే చేరేవారు. ఖాళీ పక్కకి ఓ చిన్న దెబ్బ తట్టొచ్చుగా అంటారా? గంటకి వంద మైళ్ళతో వచ్చే బంతిని మళ్ళించటం తేలిక కాదు. పైగా చిన్న దెబ్బకి లెక్కల్లో విలువ తక్కువ. చివరికి అలా గుమిగూడటాన్ని 2023లో నిషేధించాల్సి వచ్చింది.

కీలర్ వంశం అంతరించలేదు. లూయిస్ అరాయెజ్ 2022, 2023, 2024లలో వరసగా మూడు వేరు వేరు జట్లకి ఆడి తన లీగులో బ్యాటింగ్ సగటున మొదటివాడయ్యాడు. 2024లో ఏడాది మొత్తం మీద స్ట్రైక్ అవుట్ అయింది 29 సార్లే. హోమ్ రన్‌లు నాలుగు. మొదటి రెండు జట్లూ మాత్రం, బిరుదు గెలిచాక కూడా, అతన్ని ఇంకొకరికి ఇచ్చేశాయి.