పందెం చాలించిన కుక్క, పక్కనే పిల్లి

గ్రేహౌండ్స్ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది కుక్క కాదు, పోలీసులు. నక్సలైట్ల కోసం అడవులు గాలించడానికి 1989లో ఆంధ్రప్రదేశ్‌లో పెట్టిన ప్రత్యేక దళానికి ఆ పేరు పెట్టారు. పేపర్లో ఆ మాట చదివీ చదివీ, అసలు గ్రేహౌండ్ అంటే కోరలు చాచుకుని మీదపడే జంతువని నా మనసులో ముద్ర పడిపోయింది. అందుకే మాంచెస్టర్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, "అమ్మా, పక్కింటావిడ నిన్ను టీకి రమ్మంది. వాళ్ళింట్లో గ్రేహౌండ్ ఉంది, భయపడకు" అని అది అంటే, నా కాళ్ళు గడప దాటనని మొరాయించాయి.

తీరా వెళ్ళి చూద్దును గదా, ఆ వీరుడు సోఫా మీద వెల్లకిలా పడి, నాలుగు కాళ్ళూ గాల్లోకి చాపి నిద్రపోతున్నాడు. బూడిదరంగు ఒళ్ళు, లోతైన ఛాతీ, గుప్పిట్లో పట్టేంత నడుము. నా అలికిడికి ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకున్నాడు. అదొక ఎత్తు. అదే సోఫా మీద, వాడి డొక్కకే వీపు ఆనించి, ఒక నల్లపిల్లి ముడుచుకు పడుకుని ఉండటం ఇంకో ఎత్తు. మన ఇళ్ళల్లో ఎవరికైనా పడకపోతే "కుక్కా పిల్లీ లాగా" అంటాం. ఇక్కడి కుక్కా పిల్లీ ఒక పొత్తిళ్ళలో పెరిగిన పిల్లల్లా ఉన్నాయి.

"వీడు పందేల కుక్క. నాలుగో ఏట రిటైరయ్యాడు" అందావిడ, తన అన్నగారి గురించి చెప్తున్నట్టు.

రిటైరయినవాళ్ళని ఇంట్లో పెట్టుకోవటం ఎంత కష్టమో నాకు తెలుసు. మావారు రిటైరైన కొత్తలో తొమ్మిదయ్యేసరికి చొక్కా తొడుక్కుని, వరండాలో కూర్చుని వీధివైపు చూస్తూ ఉండేవారు. ముప్ఫైయేళ్ళ అలవాటు కాళ్ళలో నుంచి అంత తొందరగా పోతుందా? మరి కదిలేదాన్నల్లా తరమడమే నేర్చిన జంతువు, పిల్లి పక్కన పడుకోవటం ఎలా నేర్చుకుంది? ఆ కుతూహలంతో ఆవిణ్ణి అడిగాను, తర్వాత పుస్తకాలూ తిరగేశాను.

ఈ జాగిలాల కథ చాలా పాతది. అలెగ్జాండరు దండయాత్ర గురించీ, మన దేశం గురించీ రాసిన గ్రీకు రచయిత ఏరియన్ పేరు మీరు చరిత్ర పాఠాల్లో చదివే ఉంటారు. క్రీస్తుశకం రెండో శతాబ్దం వాడు. ఆయనే వేట గురించి ఒక చిన్న పుస్తకం కూడా రాశాడు. అందులో తను పెంచుకున్న హోర్మే అనే వేటకుక్కను ఎంత మురిపెంగా తలుచుకున్నాడో! అది తనని విడిచి ఉండేది కాదట. ఇలాంటి కుక్కలకు మెత్తని వెచ్చని పడక కావాలనీ, మనిషి పక్కన పడుకుంటే ఇంకా మంచిదనీ రాశాడు. అంటే సోఫా మీద హక్కు వీటికి 1800 ఏళ్ళ కిందటే వచ్చేసిందన్నమాట! ఇంకో మాట కూడా అన్నాడు: నిజమైన వేటగాడికి కావలసింది కుందేలు చావు కాదు, ఆ పరుగు, కుందేలు తప్పించుకుపోతే అతనికి సంతోషమే.

ఆ పెద్దమనిషి మాట ఎందరు విన్నారో గానీ, ఇంగ్లండులో శతాబ్దాల పాటు కుందేలు వెనక రెండు కుక్కలను వదిలి పందేలు కట్టారు. కుందేలును చంపకుండానే కుక్కల్ని పరుగెత్తించవచ్చు గదా అన్న ఆలోచన 1876లో వచ్చింది. లండన్ దగ్గర హెండన్‌లో పట్టా మీద ఒక బొమ్మ కుందేలును లాగించి, వెనక కుక్కల్ని వదిలారు. తిన్నని దారి, గెలిచే కుక్క ఏదో ముందే తెలిసిపోయేది. జనానికి విసుగు పుట్టింది, ఆ ముచ్చట అక్కడే ఆగిపోయింది.

తర్వాత అమెరికాలో ఓవెన్ పాట్రిక్ స్మిత్ అనే ఆయన దాన్ని మళ్ళీ పట్టుకున్నాడు. కుందేళ్ళ చావు చూడలేకే మొదలుపెట్టాడంటారు. 1919లో కాలిఫోర్నియాలోని ఎమరీవిల్‌లో, గుండ్రటి ట్రాకు చుట్టూ యంత్రం మీద తిరిగే కుందేలుతో పందేలు పెట్టించాడు. ఏడేళ్ళకు ఆ యంత్రపు కుందేలు సముద్రం దాటి, సరిగ్గా నేను టీ తాగుతున్న ఈ మాంచెస్టరుకే వచ్చింది. 1926 జులై 24న బెల్‌వ్యూ మైదానంలో మొదటి పందెం. వచ్చినవాళ్ళు సుమారు 1700 మంది. మిస్ట్‌లీ అనే కుక్క 440 గజాలు 25 సెకన్లలో పరుగెత్తి గెలిచింది. మన గిన్నెలో పాలు పొంగేలోపు పందెం అయిపోయిందన్నమాట.

అక్కణ్ణుంచి వేలంవెర్రి. గుర్రప్పందేలకు పోవాలంటే పగలు పని మానుకోవాలి, దూరం పోవాలి. కుక్కల పందెమైతే ఊళ్ళోనే, సాయంత్రం, దీపాల వెలుగులో. మిల్లులో పని దిగినవాళ్ళు నేరుగా వెళ్ళి చిల్లర కాసేవారు. ఆ రోజుల్లో సినిమా తారకున్నంత పేరు మిక్ ద మిల్లర్ అనే కుక్కకు వచ్చింది. ఐర్లండులో ఒక ఫాదరీ గారి ఇంట్లో పెరిగిన బక్కకూన అది. 1929లో, మళ్ళీ 1930లో ఇంగ్లిష్ డెర్బీ గెలిచింది. సినిమాలో కూడా వేసింది. 1939లో చచ్చిపోతే ఒళ్ళు పాడవకుండా భద్రపరిచి మ్యూజియంలో పెట్టారు. ట్రింగ్ అనే ఊళ్ళో ఇప్పటికీ చూడవచ్చు.

మరి గెలవని కుక్కల మాట? ఈ ప్రశ్న చాలాకాలం ఎవరూ అడగలేదు. గ్రేహౌండ్ ఏడాదిన్నర వయసులో పందేలకు దిగుతుంది, నాలుగేళ్ళు దాటేసరికి దాని పని అయిపోతుంది. ఆయుష్షు చూస్తే పన్నెండేళ్ళ పైమాటే. అంటే మూడింట రెండు వంతుల బతుకు మిగిలే ఉంటుంది, తిండి పెట్టే చెయ్యే ఉండదు. దెబ్బ తగిలినవాటినీ, నెమ్మదించినవాటినీ చడీచప్పుడు లేకుండా చంపేయడం మామూలైపోయింది. ఇంగ్లండులో దర్హం ప్రాంతంలో ఒకచోట ఏళ్ళ తరబడి వేలాది కుక్కల్ని ఇలా చంపి పాతిపెట్టారని 2006లో పత్రికలు బయటపెట్టినప్పుడు దేశం అదిరిపోయింది. కుందేలును కాపాడటానికి పుట్టిన పందెం కుక్కను మింగింది.

పందెం మానిన కుక్కలకు ఇళ్ళు వెతికే సంఘాలు బ్రిటన్‌లో 1970లలోనే మొదలయ్యాయి, అమెరికాలో 1980లలో ఊపందుకున్నాయి. అయితే వాళ్ళకు ఎదురైన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "మా ఇంట్లో పిల్లి ఉంది, ఎలా?" ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరక్క ఎన్నో కుక్కలకు ఇల్లు దొరకకుండా పోయేది. అందుకే పిల్లి పరీక్ష అని ఒకటి పెట్టారు. పెళ్ళిచూపులే అనుకోండి! కుక్క మూతికి చిక్కం కట్టి, పట్టీ పట్టుకుని, పిల్లి ఉన్న గదిలోకి తీసుకెళ్తారు. ఒకసారి చూసి, పిలిస్తే తల తిప్పుకుంటే సంబంధం కుదిరినట్టే. ఆసక్తిగా మళ్ళీ మళ్ళీ చూస్తే, నేర్పితే నేర్చుకుంటుంది. ఒళ్ళు కర్రలా బిగించి, రెప్ప వెయ్యకుండా చూస్తూ వణికిందా, ఆ కుక్కను పిల్లి ఉన్న ఇంటికి పంపరు. దాని తప్పు లేదు, దాని రక్తం అలాంటిది.

పరీక్ష నెగ్గినా తిప్పలు అక్కడితో అయిపోవు. కెన్నెల్లో పెరిగిన కుక్కకు ఇల్లంటేనే తెలియదు. మెట్లెక్కడం రాదు, గాజు తలుపు కనపడక గుద్దుకుంటుంది. మా పక్కింటావిడ మొదటి వారం కుక్కను ఒక గదిలో, పిల్లిని ఒక గదిలో ఉంచి తలుపు వేసేసిందిట. దాని దుప్పటి దీని దగ్గరా, దీని దుప్పటి దాని దగ్గరా వేసి, వాసనతో పరిచయం చేసింది. తర్వాత, కుక్కను బాగా నడిపించి అలిసిపోయాక, పట్టీతో, చిక్కంతో హాల్లోకి తెచ్చింది. పందేల కుక్కలకు చిక్కం అలవాటే, బాధపడవు. పిల్లిని మాత్రం చేతుల్లో పట్టుకోకూడదు. దాని దారిన దాన్ని వదిలి, ఎగిరి కూర్చోవడానికి ఎత్తుగా ఒక అలమార చూపించాలి. పారిపోయే పిల్లి కుక్క కళ్ళకు కుందేలు. నిలబడి చూసే పిల్లి ఇంటి యజమానురాలు.

"మా పిల్లి పారిపోలేదు. దగ్గరకొచ్చి, ముక్కు మీద ఒక్కటిచ్చింది. ఆ రోజునుంచి వీడికి భయమూ భక్తీ" అందావిడ.

ఆ తర్వాత కూడా గుమ్మానికి చంటిపిల్లల గేటు బిగించిందిట. పిల్లి దూరుతుంది, కుక్క దూరదు. ఆవిడ ఇంట్లో లేనప్పుడు రెండింటినీ ఒక్కచోట వదలడానికి నాలుగు నెలలు పట్టింది. "ఇప్పుడు కూడా దొడ్లోకి రెండింటినీ కలిపి వదలను. సోఫా మీద పిల్లి స్నేహితురాలు. గడ్డిలో పరుగెత్తే పిల్లి వీడికి ఎవరో తెలియదు" అంది. నాకా మాట చాలా నచ్చింది. ప్రేమ ఉంది గదా అని జాగ్రత్త వదులుకోలేదావిడ.

ఇప్పుడు లోకం కూడా మారుతోంది. అమెరికాలో ఫ్లారిడా ప్రజలు 2018లో ఓటేసి, 2020 చివరికల్లా అక్కడ పందేలు ఆపించారు. 2018లోనే మకావులోని మైదానం మూతపడితే, అక్కడ మిగిలిన ఐదొందల పైచిలుకు కుక్కలకు జంతుప్రేమికులు దేశదేశాల్లో ఇళ్ళు వెతికారు. ఈ పిచ్చికి పుట్టిల్లయిన బెల్‌వ్యూలోనే 2020లో కుక్కల పందేలు ఆగిపోయాయి.

మేం లేచి వస్తుంటే నిద్రలో కుక్క కాళ్ళు టకటకా కొట్టుకున్నాయి. కలలో ఎక్కడో పరుగెత్తుతున్నట్టున్నాడు. పిల్లి కళ్ళు తెరిచి, వాణ్ణి ఒకసారి చూసి, అంగుళం కూడా జరక్కుండా మళ్ళీ పడుకుంది. కుక్క తోక వంకర అంటారు మనవాళ్ళు. నిజమే, వాడి తోక కొస ఇప్పటికీ వంకరే. దాన్ని సాగదీయాలని ఎవరూ చూడలేదు. నాలుగు నెలలు ఓపిక పట్టారు, అంతే.

ఆ రాత్రి ఫోనులో ఈ కథంతా మావారికి చెప్పాను. అంతా విని, "రిటైరయినందుకు దానికి సోఫా ఇచ్చారు. నాకు వరండాలో విరిగిన కుర్చీయేగా!" అన్నారు.

ఊరికి రాగానే మొదట చేసిన పని, ఆ కుర్చీ బాగుచేయించటం.