విప్పి మార్చుకునే యాంటెన్నా

2002 డిసెంబరులో లింక్‌సిస్ సంస్థ విడుదల చేసిన డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ వెనకవైపు రెండు యాంటెన్నాలుండేవి. పానా అక్కర్లేకుండా, వేళ్లతో తిప్పితే ఊడివచ్చేవి. ఇంటి వైఫైకి యాంటెన్నా మార్చుకునే అలవాటును వ్యాప్తిలోకి తెచ్చినవాటిలో ఈ పెట్టె ఒకటి.

అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ 1985లో 2.4 గిగాహెర్ట్‌జ్ వంటి తరంగశ్రేణుల్లో లైసెన్సు లేని రేడియో సమాచారానికి దారి తెరిచింది. 1989 నాటి నిబంధనలు మాత్రం జనం యథేచ్ఛగా యాంటెన్నాలు మార్చకూడదన్నాయి: యాంటెన్నాను శాశ్వతంగా బిగించాలి, లేదా బజారులో మామూలుగా దొరకని కనెక్టర్ పెట్టాలి. అందుకే ఈ రౌటర్‌కు మధ్యసూదిని తారుమారు చేసిన రివర్స్ టీఎన్‌సీ కనెక్టర్ అమర్చారు. అయితే వైఫై ఇంటింటికీ చేరేసరికి ఆ అరుదైన కనెక్టరే దుకాణాల్లో మామూలు సరుకైపోయింది. లింక్‌సిస్ కూడా 7 డీబీఐ (యాంటెన్నా లాభానికి, అంటే సిగ్నల్‌ను ఒక వైపు కేంద్రీకరించే గుణానికి కొలత) యాంటెన్నాల జతను విడిగా అమ్మింది.

రౌటర్‌తో వచ్చేవి సుమారు 2 డీబీఐవి. 5 డెసిబెల్స్ తేడా అంటే ఒక దిక్కున సిగ్నల్ బలం మూడు రెట్లకు పైగా పెరగడం. దూరం మాత్రం ఆరుబయట కూడా రెట్టింపు కాదు. గోడల మధ్య ఇంకా తగ్గుతుంది. పైగా యాంటెన్నా కొత్తగా శక్తిని పుట్టించదు. పైకీ కిందికీ పోయేదాన్ని అడ్డంగా పరుస్తుంది. పొడవాటి ఇంట్లో చివరిగది దాకా సిగ్నల్ అందినా, మేడమీద బలహీనపడేది ఇందుకే.

సిగ్నల్ పెంచుకోవడానికి యాంటెన్నా ఒక్కటే దారి కాదు. 2003లో ఆ రౌటర్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన లినక్స్ ఉందని బయటపడి, దాని లైసెన్సు ప్రకారం సంస్థ సోర్స్ కోడ్ విడుదల చేయాల్సివచ్చింది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఫర్మ్‌వేర్ మొదలైంది. ఇలాంటి ఫర్మ్‌వేర్లతో ప్రసారశక్తిని పెంచుకునే వీలు కలిగింది. కానీ రౌటర్ ఎంత గట్టిగా పలికినా, లాప్‌టాప్ ఇచ్చే సన్నని జవాబు దానికి వినిపించకపోతే లాభం లేదు. మంచి యాంటెన్నా పంపడానికీ, వినడానికీ సమానంగా పనికొస్తుంది. అందుకే శక్తి పెంచడం కన్నా యాంటెన్నా మార్చడమే మేలైన మార్గం.

భారతదేశం 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్‌జ్ శ్రేణిని లైసెన్సు నుంచి మినహాయించింది. యాంటెన్నా లాభంతో కలిపి లెక్కగట్టే శక్తి 4 వాట్లు మించరాదని అప్పటి నిబంధన.

2009లో ఖరారైన 802.11ఎన్ ప్రమాణం లెక్క మార్చింది. ఒకేసారి అనేక యాంటెన్నాలు వేర్వేరు డేటా ప్రవాహాలను మోసే ఈ పద్ధతిలో ఒక్కదాన్నే మారిస్తే ప్రయోజనం తక్కువ, అన్నీ ఒకే రకానివి పెట్టాలి. చాలా కంపెనీలు యాంటెన్నాలను పెట్టెలోపలికి చేర్చాయి, లేదా ఊడకుండా బిగించాయి. పెద్ద ఇళ్లవారు క్రమంగా రెండో యాక్సెస్ పాయింట్ వైపు, ఆ తర్వాత మెష్ పరికరాల వైపు మళ్లారు.