అంకెలలో దాగిన నాదం : దానిని కాపాడిన కథ

1978వ సంవత్సరంలో అమెరికాలోని మినియాపోలిస్ నగరంలో, సౌండ్ ఎయిటీ అనే ధ్వనిముద్రణాలయంలో, ఫ్లిమ్ అండ్ ది బీబీస్ అనే జాజ్ వాద్య బృందం ఒక కచేరీ వాయించినది. ఆ సంగీతాన్ని ఏకకాలంలో రెండు విధాలుగా ముద్రించారు. మొదటిది పాత పద్ధతి: వాదనం జరుగుతూ ఉండగానే సూది నేరుగా పళ్ళెంపై గాడి చెక్కుతూ పోవుట. రెండవది త్రీఎం సంస్థవారు ప్రయోగార్థం తెచ్చిన నమూనా డిజిటల్ యంత్రం. అది నాదాన్ని అంకెలుగా మార్చి టేపుపై వ్రాసినది. అటుపిమ్మట ఆ నమూనా యంత్రాన్ని విడదీసివేశారు. అది జగత్తులో ఒక్కటే యంత్రం. దాని లిపిని చదువగల మరొక యంత్రం లేదు. పాత పద్ధతిలో చెక్కిన పళ్ళెపు ప్రతులు నేటికీ సూది పెడితే పలుకుతున్నాయి. నవీనమనుకొన్న టేపు మాత్రం మూగబోయినది. డిజిటల్ ధ్వనిముద్రణ శైశవంలోనే ఈ అపాయం కనుపించినదన్న సంగతి గమనింపదగినది.

ధ్వనిని అంకెలుగా మార్చవచ్చునని 1937లోనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు అలెక్ రీవ్స్ భావించాడు. ఆ భావం సంగీతానికి అక్కరకు రావడానికి మూడు దశాబ్దాలు పట్టినది. జపాను ప్రజా ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. పరిశోధనాలయంలో 1967లో తొలి యంత్రం సిద్ధమయినది. 1972లో డెనాన్ సంస్థ ఎనిమిది మార్గాల యంత్రాన్ని నిర్మించి, స్మెటానా చతుష్టయం వాయించిన మొజార్ట్ సంగీతాన్ని టోకియోలో ముద్రించినది. అమెరికాలో థామస్ స్టాకామ్ అనే ఆచార్యుడు 1975లో సౌండ్‌స్ట్రీమ్ సంస్థను నెలకొల్పాడు. అధ్యక్షుడు నిక్సన్ టేపులో మాయమయిన పద్దెనిమిదిన్నర నిమిషాలను 1974లో పరీక్షించిన నిపుణులలో ఈయన ఒకరు. 1976లో ఈయనే గాయకుడు కరూసో పాత రికార్డులలోని బొంగురుదనాన్ని గణితంతో తొలగించి ఆ కంఠానికి కొత్త జీవం పోశాడు. అంకెల విద్యలో అగ్రగణ్యుడయిన ఈ పెద్దమనిషి కీర్తిలో కొంత భాగం పాత నాదాన్ని బాగుచేయుటవలననే వచ్చినదంటే ఆశ్చర్యం లేదు.

మల్టీట్రాక్ అనగా అనేక మార్గాల ముద్రణ. గాయకుని కంఠం ఒక మార్గంలో, వీణ ఒకదానిలో, మృదంగం మరొకదానిలో వేరువేరుగా ఉండి, తరువాత తగుపాళ్ళలో కలుపబడతాయి. కలిపిన పాట అంగడిలో దొరుకుతుంది. విడివిడి మార్గాలు మాత్రం మూలపు టేపులోనే ఉంటాయి. ఆ టేపు పోయినచో వండిన పులుసులోనుండి చింతపండును వేరుచేయబూనుటయే.

త్రీఎం వారి ముప్పది రెండు మార్గాల యంత్రంతో డోనాల్డ్ ఫేగన్ 1982లో ‘ది నైట్‌ఫ్లై’ అనే రికార్డును వెలువరించాడు. యంత్రం పదేపదే మొరాయించగా, ఇంజనీరు రోజర్ నికల్స్ మొదలగువారు మినిసోటాలోని ఆ సంస్థకే వెళ్ళి దానిని సరిచేసే విద్య నేర్చుకొని వచ్చారు. సంగీతానికి మెకానిక్కు ఎంత అవసరమో దీనివలన తెలుస్తున్నది.

సామాన్య సంగీతజ్ఞునికి ఈ సౌకర్యం 1990ల ఆరంభంలో గాని అందలేదు. ఎలేసిస్ సంస్థ అడాట్ అనే యంత్రాన్ని 1991 జనవరిలో ప్రదర్శించి 1992లో విక్రయించసాగినది. ఎనిమిది మార్గాలు, వెల నాలుగువేల డాలర్ల లోపు. అది నాదాన్ని వ్రాసేది ఎస్-వీహెచ్‌ఎస్ క్యాసెట్టుపైన. ఒకనాడు తెలుగువారి ఇళ్ళలో పెళ్ళి వేడుకలు చూచిన వీడియో క్యాసెట్టుకు ఇది దగ్గరి చుట్టమే. టేపు మూడు రెట్ల వేగంతో నడవవలసి ఉన్నందున రెండు గంటల క్యాసెట్టులో నలుబది నిమిషాల సంగీతమే పట్టేది. పదహారు యంత్రాలను జతపరచి 128 మార్గాలు పొందవచ్చును. 1995లో అఖండ విజయం సాధించిన అలానిస్ మోరిసెట్ పాటల రికార్డు ‘జాగ్డ్ లిటిల్ పిల్’ ముద్రణకు ఈ యంత్రమే వాడారు.

ఇక వార్ధక్యం. అడాట్‌లో టేపు ఒక గిరగిర తిరిగే డోలు చుట్టూ ఏటవాలుగా సాగుతుంది. ఆ డోలుకు అమర్చిన చిన్న శిరస్సులు సెకనుకు ఒక్కొక్క మార్గానికి 48,000 కొలతలు చదవాలి. కొంతకాలానికి శిరస్సులు అరుగుతాయి, టేపును నడిపే రబ్బరు చక్రం బిగుసుకుపోతుంది, బెల్టు సాగుతుంది. పాత ఎనలాగ్ టేపు చెడితే బుసబుసలతోనైనా పాట వినిపిస్తుంది. అంకెల యంత్రం తీరు అది కాదు. చిన్న లోపాలను అది గణితంతో తానే పూరించుకొంటుంది. లోపం హద్దు మీరితే ఊహించి అతుకు వేస్తుంది, అదియు కుదరనపుడు మౌనం దాలుస్తుంది. యజమానికి నిన్నటిదాకా అంతా సవ్యంగానే కనిపించి, నేడు ఒక్కసారిగా పాట తెగిపోతుంది.

బాగుచేయబూనిన వారు ఈ రోగానికి నేర్చిన చికిత్స సహనంతో కూడినది. మొదట క్యాసెట్టు పొరపాటున చెరగకుండా దాని వ్రాతరక్షణ మీటను తొలగిస్తారు. బాగుపరచిన యంత్రంలో టేపును చివరి వరకు ముందుకు, మరల వెనుకకు చుట్టి బిగువు సరిచేస్తారు. అటుపిమ్మట వాయించి, కాంతి తంతువు ద్వారా ఎనిమిది మార్గాలనూ ఒకేసారి కంప్యూటరులోకి ఎక్కిస్తారు. ఒక్కమారు చాలదు. మొదటి పర్యాయం తప్పిన చోటు రెండవ పర్యాయం సరిగా రావచ్చును; రెండవసారి తప్పినది మూడవసారి. ఆ పర్యాయాలను పక్కపక్కన పేర్చి, బాగున్న ముక్కలను ఏరి అతుకుతారు. కడపలోని తన బంగళాలో పండితులను కూర్చుండబెట్టి, అనేక తాళపత్ర ప్రతులను పోల్చి శుద్ధపాఠం తీయించిన సి.పి. బ్రౌన్ దొర పని గుర్తుకు రాక మానదు. ఏ ప్రతీ సంపూర్ణం కాదు, అన్నీ కలిస్తే గ్రంథం.

ఇందులో ఒక విచిత్రమున్నది. గతి తప్పిన యంత్రంపై వ్రాసిన టేపు, సరిగా ఉన్న యంత్రంపై పలకదు. పాడయిన యంత్రమే దానిని చదువగలదు. ఆ యంత్రమేమో చనిపోతున్నది. అందువలన నిపుణులు మంచి యంత్రపు సర్దుబాటును కావాలని తప్పించి, ఆ టేపు వంకరకు సరిపోల్చి, పని అయిన తరువాత మరల యథాస్థానానికి తెస్తారు. మంచి రిపేరు మనిషి యంత్రాన్ని చెడగొట్టడం కూడా తెలిసినవాడై ఉండాలన్నమాట.

1996లో రోలాండ్ సంస్థ వీఎస్-880 అనే యంత్రంతో టేపును విడిచి హార్డుడిస్కును ఆశ్రయించినది. చిక్కు మాత్రం రూపం మార్చుకొని వచ్చినది. ఆ డిస్కును సాధారణ కంప్యూటరుకు తగిలిస్తే అందులో ఏమీ లేనట్లు చూపుతుంది, కొత్తగా సిద్ధం చేయమందువా అని అడుగుతుంది. అవునంటే సంగీతానికి నూరేళ్ళు నిండినట్లే. తెలిసినవారు కాదని, మొదట ఆ డిస్కుకు ఉన్నదున్నట్లుగా అక్షరం పొల్లుపోని నకలు తీసి, మూలాన్ని పక్కన పెట్టి, నకలు మీదనే ప్రయోగాలు చేస్తారు. పాటలను సాధారణ ఫైళ్ళుగా మార్చి రెండు మూడు చోట్ల భద్రపరచిన తరువాత కూడా పాత డిస్కును, పాత క్యాసెట్టును పారవేయరు. ఏ మార్గంలో ఏ వాద్యమున్నదో కళాకారుడు స్వహస్తంతో వ్రాసుకొన్న చీటీ ఆ క్యాసెట్టు పెట్టెలోనే ఉంటుంది.