తెల్లవార్లూ సాగే కథ

మా కాజీపేట జంక్షన్‌లో సికింద్రాబాదు బండి ఎక్కితే ఘన్‌పూర్, రఘునాథపల్లి దాటాక జనగామ వస్తుంది. అటువైపే, లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య ఊరు. 1935లో పుట్టి 2017 నవంబరులో కన్నుమూసిన ఆయన బతుకులోనే ఒగ్గు కథ కొలుపుల పందిరి నుంచి టీవీ దాకా నడిచింది.

ఒగ్గంటే శివుడి చేతి డమరుకం. కురుమలు, గొల్లలు మల్లన్నకో బీరన్నకో మొక్కు చెల్లించేటప్పుడు ఒగ్గు పూజారి రంగుపొడులతో పట్నం వేసి, దేవుడి పెండ్లి కథ ఎత్తుకునేవాడు. డోలు మోగుతుంది, తాళం అందుకుంటుంది. పాట నడుస్తూ నడుస్తూ మాటవుతుంది, మాట గద్గదమై మళ్లీ పాటవుతుంది. కథకుడు పైకండువాను కొంగుగా కప్పుకుంటే చాలు, ఎల్లమ్మ మన ముందు నిలబడినట్టే. వంతగాడు ఊరికే ఊకొట్టడు. అడుగుతాడు, ఎదురుచెప్తాడు, ఏడిపించిన మరుక్షణం నవ్విస్తాడు.

అమెరికా నల్లవాళ్ల బ్లూస్ విన్నప్పుడల్లా నాకు ఈ వంతే గుర్తొస్తుంది. అక్కడ గొంతుకు గిటారు బదులు చెప్తుంది. 1920లో బ్లూస్ గాయని మేమీ స్మిత్ రికార్డు విపరీతంగా అమ్ముడుపోయాక, కంపెనీలు పల్లెపాటను రెండుగా చీల్చాయి: నల్లవాళ్లకు ఒక పేరు, తెల్లవాళ్లకు మరో పేరు. ఆ తెల్లవాళ్ల పాటే తర్వాత కంట్రీ అయింది. మన దగ్గర శోకం, హాస్యం, కథ ఒకే డోలు కింద కలిసే ఉన్నాయి.

మా జిల్లా దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు 1950లలోనే జానపద గేయాలపై పరిశోధన చేసి, పల్లెపాటకు విశ్వవిద్యాలయంలో పీట వేశారు. సత్తయ్య ఒగ్గు కథను కులదేవత ముంగిలి దాటించి రేడియోకు, దూరదర్శన్‌కు, ఊరూరి వేదికలకు తీసుకెళ్లారు. 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు.

రేడియో తర్వాత క్యాసెట్లూ వచ్చాయి. తెల్లవార్లూ చెప్పే కథ టేపు ఒక్కో వైపుకు అరగంట చొప్పున ఇమడాల్సి వచ్చింది. గొంతు దక్కింది, సంతోషమే. వంతగాడి అల్లరి, పిల్లలు నిద్రలోకి జారాక కథకుడు స్వరం తగ్గించే తీరు, అవి మాత్రం టేపులో ఇమడలేదు. ఇప్పుడు ఫోనుకు ఆ కొలత లేదు. ఐనవోలు మల్లన్న జాతరలో, పట్నం గీత మొదలైన చోటు నుంచి పొద్దుపొడుపు దాకా, ఒక్క కథనైనా కోతపెట్టకుండా ఎవరైనా పట్టి దాచాలి.