పెట్టుబడి సాయం పాసుపుస్తకానికా, పైరుకా?

తనకల్లు: ప్రభుత్వ సొమ్ము రైతుకు ఏ రూపంలో, ఎవరి పేరిట, ఏ వేళకు అందుతుందన్నది పథకం పేరు మారినప్పుడల్లా మళ్లీ తెలుసుకోవలసి వస్తోంది. శ్రీసత్యసాయి జిల్లా కదిరి డివిజన్‌లోని తనకల్లు మండలంలో మెట్ట రైతుకు వేరుశనగే ఆధారం. పదును దొరికిన నాడే విత్తు పడాలి. ఆనాటికి చేతిలో డబ్బు లేకుంటే వడ్డీకి తేవడమే దిక్కు.

పేర్లు మారిన సాయం

పీఎం కిసాన్ పథకాన్ని కేంద్రం 2019 ఫిబ్రవరి 24న ప్రారంభించింది. దీని కింద రైతు కుటుంబానికి ఏటా మూడు విడతల్లో రూ.6,000 జమ అవుతుంది. రాష్ట్రం అదే ఏడాది అన్నదాత సుఖీభవను తెచ్చింది. ప్రభుత్వం మారడంతో 2019 అక్టోబరు 15న వైఎస్సార్ రైతు భరోసా మొదలైంది. కేంద్రం వాటాతో కలిపి ఆ సాయం రూ.13,500. 2024 ఎన్నికల అనంతరం పాత పేరు తిరిగి వచ్చింది. రాష్ట్రం రూ.14,000, కేంద్రం రూ.6,000, కలిపి ఏడాదికి రూ.20,000 ఇవ్వాలని నిర్ణయించారు. 2025లో తొలి విడత రూ.7,000 ఆగస్టు 2న విడుదలైంది. అప్పటికి మెట్ట వేరుశనగ విత్తే అదను దాదాపు దాటిపోతుంది. రైతు భరోసా ఏర్పాటులో రూ.7,500 మే నెలకే కేటాయించారు. ఈ తేడా చిన్నదేమీ కాదు.

సాయం కుటుంబానికే గాని ఎకరానికి కాదు. ఎకరం ఉన్నవారికీ నాలుగెకరాలు ఉన్నవారికీ ఒకటే మొత్తం. తెలంగాణలో 2018లో ఆరంభమైన రైతుబంధు ఇందుకు భిన్నంగా, సీజనుకు ఎకరానికి రూ.4,000 చొప్పున లెక్కకట్టింది. పెద్ద కమతాలకే ఎక్కువ సొమ్ము పోతోందన్న విమర్శ అక్కడ వచ్చింది.

కౌలురైతు సంగతి

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పీఎం కిసాన్ భూయజమానికే వర్తిస్తుంది. నాగలి పట్టినా పాసుపుస్తకం లేనివారికి కేంద్రం సొమ్ము లేదు. రుణ అర్హత కార్డుల కోసం 2011లో ఒక చట్టం, పంట సాగుదారు హక్కు పత్రాల కోసం 2019లో మరొకటి వచ్చాయి. రెండో చట్టం కింద ఇచ్చే పత్రం గడువు పదకొండు నెలలు. అయితే దానికి యజమాని సమ్మతి సంతకం కావాలి. భూమిపై హక్కు పోతుందేమోనన్న శంకతో సంతకానికి వెనుకాడేవారు ఎక్కువ. రైతు భరోసాలో భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలురైతులకు పూర్తి మొత్తాన్ని రాష్ట్రమే భరించింది. అదీ పత్రం ఉన్నవారికే.

అప్పు, నష్టపరిహారం

కిసాన్ క్రెడిట్ కార్డుపై హామీ లేని రుణ పరిమితి 2025 జనవరి 1 నుంచి రూ.2 లక్షలకు పెరిగింది. మూడు లక్షల లోపు పంటరుణాన్ని గడువులోగా చెల్లిస్తే వడ్డీ భారం నాలుగు శాతమే. పంట 33 శాతానికి మించి దెబ్బతింటే పెట్టుబడి రాయితీ ఇస్తారు. 2022లో సవరించిన కేంద్ర నిబంధనల్లో మెట్ట పైరుకు హెక్టారుకు రూ.8,500, నీటివసతి ఉంటే రూ.17,000 చొప్పున రెండు హెక్టార్ల వరకు నిర్ణయించారు. రాష్ట్రాలు తమ నిధులతో ఎక్కువ ఇవ్వవచ్చు.

ఉపాధి పనులు

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకానికి నాటి ప్రధాని మన్మోహన్‌సింగ్ 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో శ్రీకారం చుట్టారు. కూలితోపాటు సేద్యపు కుంటలకూ, చిన్న, సన్నకారు రైతుల పండ్లతోటలకూ ఈ నిధులు ఆసరా అయ్యాయి. దీని స్థానంలో కొత్త చట్టాన్ని పార్లమెంటు 2025 డిసెంబరులో ఆమోదించింది. పనిదినాలను 100 నుంచి 125కు పెంచి, ఖర్చులో రాష్ట్రం వాటాను 40 శాతం చేశారు. విత్తు, కోత అదనుల్లో మొత్తం 60 రోజులు పనులు ఆపాలన్న నియమం కూడా ఉంది. వానలేక విత్తే పడని ఏడాది మెట్ట మండలాల కూలీలు ఆ రోజుల్లో ఏం చేయాలన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

పైరు వేసిన వెంటనే రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ నమోదు చేయించుకోవాలి. పరిహారానికి, బీమాకు, మద్దతు ధర కొనుగోలుకు అదే ఆధారం. కౌలుకు చేసేవారు సాగుదారుగా తమ పేరే ఎక్కిందో లేదో చూసుకోవాలి. ఈ-కేవైసీ పూర్తికాకున్నా, ఆధార్ బ్యాంకు ఖాతాకు అనుసంధానం కాకున్నా విడత సొమ్ము నిలిచిపోతుంది.