ముదిరిన సర్వైకల్ క్యాన్సర్: చికిత్సలో ఏం మారింది? డాక్టర్‌ను ఏం అడగాలి?

మన దేశంలో 2022లో సుమారు 1.27 లక్షల మంది మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సోకిందని, దాదాపు 80 వేల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అంచనా. చాలామందిలో జబ్బు ముదిరాకే బయటపడుతోంది. ఈ దశలో చికిత్సను మెరుగుపరిచే పరిశోధనల ఫలితాలు ఇటీవల వచ్చాయి. అవి ఏం చెబుతున్నాయో చూద్దాం.

ఇప్పటిదాకా ఉన్న చికిత్స ఏంటి?

గడ్డ చుట్టుపక్కలకు పాకితే సాధారణంగా ఆపరేషన్ చేయరు. ఐదారు వారాలు బయటి నుంచి రేడియేషన్, దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ ఇస్తారు. చివర్లో బ్రాకీథెరపీ, అంటే లోపలి నుంచి రేడియేషన్. మొత్తం 8 వారాల్లో పూర్తవ్వాలి. మధ్యలో ఆపితే క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది.

సిస్‌ప్లాటిన్ కలపడం వల్ల లాభమెంత? మూడో దశ రోగులు 850 మందిపై ముంబైలోని టాటా మెమోరియల్ చేసిన ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. ఐదేళ్ల తర్వాత బతికున్నవారు రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో 46 శాతం, సిస్‌ప్లాటిన్ కూడా తీసుకున్నవారిలో 54 శాతం.

కొత్తగా తేలిందేంటి?

ఇంటర్‌లేస్ ట్రయల్: బ్రిటన్ నేతృత్వంలో భారత్ సహా 5 దేశాల్లో 500 మందిపై జరిగింది. రేడియేషన్‌కు ముందు 6 వారాలు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ ఇచ్చారు. ఐదేళ్ల తర్వాత బతికున్నవారు 72 నుంచి 80 శాతానికి పెరిగారు. ఇవి పాత మందులే, చవకగా దొరుకుతాయి. అయితే ఇందులో ఎక్కువ మంది రెండో దశ రోగులు. తీవ్రమైన దుష్ప్రభావాలూ పెరిగాయి.

కీనోట్-ఏ18 ట్రయల్: 1,060 మందిపై జరిగింది. చికిత్సకు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ ఇంజెక్షన్ జోడిస్తే మూడేళ్ల తర్వాత బతికున్నవారు 74.8 నుంచి 82.6 శాతానికి చేరారు. అమెరికా 2024 జనవరిలో మూడో దశ, నాలుగో దశ తొలి భాగం రోగులకు అనుమతించింది. ధర మాత్రం చాలా ఎక్కువ.

చికిత్స తర్వాత?

సుమారు 3 నెలలకు పరీక్ష, అవసరమైతే పెట్ స్కాన్. మొదటి రెండేళ్లు 3-4 నెలలకోసారి, తర్వాత ఐదేళ్ల వరకు 6 నెలలకోసారి వెళ్లాలి. రక్తస్రావం, తగ్గని నడుం నొప్పి, కాలి వాపు కనిపిస్తే గడువు కోసం ఆగొద్దు. రక్తంలో హెచ్‌పీవీ డీఎన్‌ఏ ఆనవాళ్లతో జబ్బు తిరగబెట్టడాన్ని ముందే పసిగట్టే పరీక్ష ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

ఖర్చు ఎలా?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్స అందుతుంది. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల వరకు పరిమితి ఉంది. మీకు రాసిన మందులు ప్యాకేజీలో ఉన్నాయో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

ట్రయల్‌లో చేరమంటే?

భారత్‌లో క్లినికల్ ట్రయల్స్ వివరాలు సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. మీ భాషలో వివరించి, సంతకం తీసుకున్నాకే చేర్చుకోవాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు. ట్రయల్ వల్ల హాని జరిగితే 2019 నిబంధనల ప్రకారం ఉచిత వైద్యం, పరిహారం పొందే హక్కుంది.

డాక్టర్‌ను అడగాల్సినవి

• నాది ఏ దశ? లింఫ్ గ్రంథులకు పాకిందా?
• ముందస్తు కీమో నాకు పనికొస్తుందా? కిడ్నీలు తట్టుకుంటాయా?
• బ్రాకీథెరపీ ఇక్కడే ఉందా? లేకపోతే ఎక్కడ, ఏ తేదీన?